భాగం – 14: ఆర్‌పీసీ లైబ్రరీలలో థ్రెడ్ భద్రత

విషయక్రమం

14.0 లక్ష్యాలు
14.1 పరిచయం
14.2 ఆర్‌పీసీ కాల్ జరిగే తీరు – పునశ్చరణ
14.3 థ్రెడ్ భద్రత ఎక్కడ దెబ్బతింటుంది?
14.4 సరిదిద్దే పద్ధతులు
14.5 లాక్‌ల వల్ల వచ్చే కొత్త చిక్కులు
14.6 ఒకే కనెక్షన్‌పై అనేక కాల్స్
14.7 ప్రోగ్రాం రాసేవారు పాటించవలసిన నియమాలు
14.8 సారాంశం
14.9 ముఖ్య పదాలు
14.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు
14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఒక లైబ్రరీ థ్రెడ్ భద్రమైనది అంటే ఏమిటో నిర్వచించగలుగుతారు.
• ఒకే థ్రెడ్ కోసం రాసిన ఆర్‌పీసీ లైబ్రరీలో ఏయే చోట్ల దోషాలు దాగి ఉంటాయో గుర్తించగలుగుతారు.
• స్టాటిక్ ఫలితం, గ్లోబల్ దోష వేరియబుల్, ఉమ్మడి కనెక్షన్ అనే మూడు సమస్యలకు వేర్వేరు పరిష్కారాలు ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
• డిస్క్రిప్టర్ లాక్ పనిచేసే విధానాన్ని, దాని పరిమితులను తెలుపగలుగుతారు.
• లైబ్రరీ బాధ్యత ఎక్కడ ముగుస్తుందో, ప్రోగ్రాం రాసేవారి బాధ్యత ఎక్కడ మొదలవుతుందో చెప్పగలుగుతారు.

14.1 పరిచయం

థ్రెడ్‌లు, క్రిటికల్ సెక్షన్, మ్యూటెక్స్, కండిషన్ వేరియబుల్ అనే భావనలను మీరు గత భాగాలలో చదివారు. అక్కడి ఉదాహరణలన్నింటిలో ప్రోగ్రామునూ లాక్‌లనూ మనమే రాశాం. వాస్తవంలో ప్రోగ్రాంలోని చాలా భాగం ఇతరులు రాసిన లైబ్రరీల నుంచి వస్తుంది. ఆ లైబ్రరీ రాసిన కాలానికి థ్రెడ్‌లే వాడుకలో లేకపోతే ఏమవుతుంది? ఈ భాగంలో చర్చించే ప్రశ్న ఇదే.

ఇందుకు మనం తీసుకుంటున్న ఉదాహరణ సన్ ఆర్‌పీసీ. రిమోట్ ప్రొసీజర్ కాల్‌ను ఆచరణలో ఎలా నిర్మించాలో 1984లో బిరెల్, నెల్సన్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రసిద్ధ పత్రంలో వివరించారు. ఆ దశకంలోనే సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ తన నెట్‌వర్క్ ఫైల్ వ్యవస్థ, అంటే ఎన్ఎఫ్ఎస్ కోసం ఒక ఆర్‌పీసీ లైబ్రరీని తయారుచేసింది. దాని సందేశాల రూపం 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1050గాను, ఆపై ఆర్‌ఎఫ్‌సీ 1057గాను వెలువడింది. 2009 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5531 దానికి తరువాతి రూపం. యూనిక్స్ కుటుంబానికి చెందిన ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఈ లైబ్రరీ విస్తృతంగా వ్యాపించింది.

యూనిక్స్ వ్యవస్థలకు థ్రెడ్‌ల ప్రమాణం, అంటే పోజిక్స్ థ్రెడ్స్, 1995లో వచ్చింది. అంటే లైబ్రరీ ముందు, ప్రమాణం తరువాత. ఒక ప్రాసెస్‌లో ఒకే కార్యధార ఉంటుందన్న నమ్మకంతో రాసిన ఫంక్షన్లను ఇప్పుడు పది థ్రెడ్‌లు ఒకేసారి పిలుస్తున్నాయి. ఈ మార్పుకు తట్టుకునేలా లైబ్రరీని ఎలా మార్చారన్నది ఆపరేటింగ్ సిస్టమ్స్ చదివే విద్యార్థికి మంచి పాఠం.

ఇక్కడ ఒక నిర్వచనం గుర్తుంచుకోండి. ఒక ఫంక్షన్‌ను అనేక థ్రెడ్‌లు ఒకే సమయంలో పిలిచినా ప్రతి థ్రెడ్‌కూ తన పిలుపుకు తగిన సరైన ఫలితమే అందితే, ఆ ఫంక్షన్ థ్రెడ్ భద్రమైనది. లైబ్రరీలోని ఫంక్షన్లన్నీ, అవి పంచుకునే సమాచారంతో సహా, ఈ నియమాన్ని పాటిస్తే ఆ లైబ్రరీ థ్రెడ్ భద్రమైనది.

14.2 ఆర్‌పీసీ కాల్ జరిగే తీరు – పునశ్చరణ

మనం ఒక ఉదాహరణను ఈ భాగమంతటా వాడుకుందాం. పరీక్షా ఫలితాలు ఒక సర్వర్‌లో ఉన్నాయి. హాల్ టికెట్ సంఖ్య ఇస్తే మార్కులు తెలిపే ప్రొసీజర్ ఆ సర్వర్‌లో ఉంది. వెబ్‌సైట్‌ను నడిపే మరొక కంప్యూటర్ ఈ ప్రొసీజర్‌ను ఆర్‌పీసీ ద్వారా పిలుస్తుంది. ఆ కాల్‌లోని దశలు ఇవి:

1. క్లయింట్ ప్రోగ్రాం స్టబ్ అనే ఫంక్షన్‌ను మామూలు ఫంక్షన్‌లాగే పిలుస్తుంది. ఈ స్టబ్‌ను ఆర్‌పీసీజెన్ అనే ఉపకరణం తయారుచేస్తుంది.
2. స్టబ్ ఆ పనిని లైబ్రరీకి అప్పగిస్తుంది. లైబ్రరీ పారామీటర్లను ఎక్స్‌డీఆర్ అనే ఉమ్మడి రూపంలోకి మార్చి హ్యాండిల్‌కు చెందిన బఫర్‌లో ఉంచుతుంది.
3. సందేశం మొదట్లో 32 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దీనిని ఎక్స్‌ఐడీ అంటారు. బ్యాంకులో ఇచ్చే టోకెన్ వంటిదే ఇది. జవాబులో కూడా అదే సంఖ్య తిరిగి వస్తుంది.
4. సందేశం సాకెట్ ద్వారా సర్వర్‌కు చేరుతుంది. సర్వర్ ప్రొసీజర్‌ను నడిపి జవాబు పంపుతుంది.
5. లైబ్రరీ ఎక్స్‌ఐడీని సరిపోల్చి, జవాబును డీకోడ్ చేసి స్టబ్‌కు అందిస్తుంది.

హ్యాండిల్ అంటే ఒక సర్వర్‌తో సంభాషణకు కావలసిన సమాచారమంతా ఉండే నిర్మాణం. సాకెట్ డిస్క్రిప్టర్, బఫర్, చివరి దోషం, తరువాతి ఎక్స్‌ఐడీ అన్నీ అందులోనే ఉంటాయి. థ్రెడ్‌ల దృష్టితో చూస్తే, ఇవన్నీ ఉమ్మడి ఆస్తి.

14.3 థ్రెడ్ భద్రత ఎక్కడ దెబ్బతింటుంది?

14.3.1 స్టబ్‌లోని స్టాటిక్ ఫలితం

ఆర్‌పీసీజెన్ మామూలుగా తయారుచేసే స్టబ్ ఫలితాన్ని ఒక స్టాటిక్ వేరియబుల్‌లో ఉంచి, దాని చిరునామాను తిరిగి ఇస్తుంది. సి భాషలో స్టాటిక్ వేరియబుల్ ప్రోగ్రాం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. ప్రతి కాల్ మొదట్లో స్టబ్ దానిని సున్నాలతో నింపుతుంది, ఆపై జవాబును అందులో రాయిస్తుంది. ఒకే పలక మీద ఇద్దరు పిల్లలు లెక్కలు చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

థ్రెడ్ 'క' హాల్ టికెట్ 101 మార్కులు అడుగుతోంది, థ్రెడ్ 'ఖ' 202 మార్కులు అడుగుతోంది అనుకోండి. కింది క్రమాన్ని గమనించండి.

దశ 1: 'క' స్టబ్‌ను పిలిచింది. జవాబు వచ్చింది. స్టాటిక్ వేరియబుల్‌లో 101 మార్కులు ఉన్నాయి.
దశ 2: 'క' ఆ చిరునామాను పొందింది, కాని మార్కులను ఇంకా చదవలేదు. ఇంతలో షెడ్యూలర్ దానిని ఆపి 'ఖ'ను నడిపింది.
దశ 3: 'ఖ' స్టబ్‌ను పిలిచింది. వేరియబుల్ సున్నా అయింది. కొంతసేపటికి అందులో 202 మార్కులు చేరాయి.
దశ 4: 'క' మళ్లీ మొదలై తన దగ్గరున్న చిరునామాలో చదివింది. అక్కడ ఉన్నవి 202 మార్కులు.

101 సంఖ్య గల విద్యార్థికి వేరొకరి మార్కులు కనిపించాయి. దశ 3 మధ్యలో 'క' చదివి ఉంటే సున్నా మార్కులు కనిపించేవి. ఫలితం పెద్ద నిర్మాణమైతే సగం ఒకరిది, సగం మరొకరిది కావచ్చు. అన్నింటికన్నా ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ సందర్భాలలో ప్రోగ్రాం ఆగిపోదు, దోష సందేశం రాదు, లాగ్‌లో కూడా ఏమీ కనిపించదు. తప్పు జవాబు సరైన జవాబు వేషంలో వస్తుంది. పరీక్షించేటప్పుడు ఒకరిద్దరే వాడతారు కనుక అప్పుడు బయటపడదు. ఫలితాలు వెలువడిన రోజు వేలమంది ఒకేసారి వచ్చినప్పుడు బయటపడుతుంది.

14.3.2 గ్లోబల్ దోష వేరియబుల్

హ్యాండిల్ సృష్టించడం విఫలమైతే హ్యాండిలే ఉండదు. కనుక కారణాన్ని దాచుకోవడానికి పాత లైబ్రరీ ఒక గ్లోబల్ వేరియబుల్‌ను వాడింది. 'క' థ్రెడ్‌కు సర్వర్ దొరకలేదు, 'ఖ' థ్రెడ్‌కు గడువు దాటిపోయింది అనుకోండి. రెండు కారణాలూ ఒకే చోట రాయబడతాయి. 'క' చదివేసరికి 'ఖ' కారణం కనిపించవచ్చు. దోషాన్ని వాక్యంగా మార్చి ఇచ్చే ఫంక్షన్లు కూడా ఒకే బఫర్‌ను వాడేవి. దోషాన్ని బట్టి ప్రోగ్రాం తన తరువాతి పనిని నిర్ణయించుకుంటుంది కనుక, తప్పు కారణం తప్పు నిర్ణయానికి దారితీస్తుంది.

14.3.3 ఒకే కనెక్షన్‌పై రెండు థ్రెడ్‌లు

ఇది మూడింటిలోనూ జటిలమైనది. రెండు థ్రెడ్‌లు ఒకే హ్యాండిల్‌ను ఏ రక్షణా లేకుండా వాడితే రవాణా పద్ధతిని బట్టి నష్టం మారుతుంది.

యూడీపీ అయితే: 'క', 'ఖ' రెండూ జవాబు కోసం ఒకే సాకెట్‌ను చదువుతున్నాయి. 'ఖ'కు రావలసిన జవాబు 'క' చేతికి చిక్కింది. ఎక్స్‌ఐడీ సరిపోలలేదు కనుక 'క' దానిని పాత జవాబుగా భావించి పారవేస్తుంది. 'ఖ' ఎదురుచూస్తూనే ఉంటుంది. కొంత వ్యవధి తరువాత అభ్యర్థనను మళ్లీ పంపుతుంది. అంటే సర్వర్‌లో అదే ప్రొసీజర్ రెండోసారి నడవవచ్చు. మార్కులు చదవడమైతే రెండుసార్లు నడిచినా నష్టం లేదు. ఫీజు జమచేసే ప్రొసీజర్ అయితే?

టీసీపీ అయితే: టీసీపీ బైట్ల ప్రవాహం మాత్రమే. సందేశం ఎక్కడ ముగుస్తుందో దానికి తెలియదు. అందుకే ఆర్‌పీసీ ప్రతి సందేశ ఖండం ముందు 4 బైట్ల గుర్తు ఉంచుతుంది. అందులో పై బిట్ ఇది చివరి ఖండమా కాదా అని చెబుతుంది. మిగిలిన 31 బిట్లు ఖండం పొడవును చెబుతాయి. రెండు థ్రెడ్‌ల రాతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతే, సర్వర్ పారామీటర్‌లోని బైట్లను పొడవుగా చదువుతుంది. అక్కడి నుంచి ఆ కనెక్షన్‌లోని ప్రతి సందేశమూ అర్థం లేనిదవుతుంది. కనెక్షన్‌ను మూసివేయడం తప్ప మార్గం ఉండదు.

సర్వర్ వైపు కూడా ఇటువంటి ప్రమాదమే ఉంది. జవాబులో పెట్టవలసిన ఎక్స్‌ఐడీని లైబ్రరీ తన రవాణా నిర్మాణంలో దాచుకుంటుంది. మొదటి అభ్యర్థనకు జవాబు వెళ్లకముందే అదే నిర్మాణం ద్వారా రెండో అభ్యర్థనను మరో థ్రెడ్ స్వీకరిస్తే మొదటి ఎక్స్‌ఐడీ చెరిగిపోతుంది. అప్పుడు మొదటి జవాబు రెండో వారి టోకెన్‌తో బయలుదేరుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. స్టాటిక్ ఫలితం వల్ల వచ్చే దోషం పరీక్షలలో ఎందుకు బయటపడదు?
2. యూడీపీలో ఎక్స్‌ఐడీ తనిఖీ ఉన్నా ఒక థ్రెడ్ జవాబు ఎందుకు పోతుంది?

14.4 సరిదిద్దే పద్ధతులు

పై మూడు సమస్యలూ ఉమ్మడి సమాచారం వల్ల వచ్చినవే. కాని అన్నింటికీ లాక్ ఒక్కటే మందు కాదు. పంచుకోవడమే అనవసరమైన చోట పంచుకోవడం మానేయాలి. పంచుకోక తప్పని చోట మాత్రమే లాక్ వాడాలి. ఈ క్రమాన్ని గుర్తుంచుకోండి.

14.4.1 ఫలితానికి చోటు పిలిచేవారే ఇవ్వడం

స్టాటిక్ ఫలితానికి లాక్ ఎందుకు సరిపోదో మొదట ఆలోచించండి. స్టబ్ లోపల లాక్ పెట్టామనుకుందాం. స్టబ్ ముగియగానే లాక్ విడుదలవుతుంది. ఫలితాన్ని థ్రెడ్ చదివేది ఆ తరువాతే. 14.3.1లోని దశ 2 సరిగ్గా అక్కడే జరిగింది. అంటే లోపం స్టబ్ లోపలి పనిలో కన్నా ఫంక్షన్ రూపంలోనే ఎక్కువగా ఉంది. రూపాన్నే మార్చాలి.

సోలారిస్‌లో ఆర్‌పీసీజెన్‌కు ఇందుకోసం ఎం అనే ఐచ్ఛికాన్ని చేర్చారు. తరువాత ఇతర వ్యవస్థలూ దానిని స్వీకరించాయి. ఈ ఐచ్ఛికంతో తయారైన స్టబ్ మూడు విధాలుగా మారుతుంది.

• ఫలితం ఉంచవలసిన చోటును పిలిచే థ్రెడే ఒక పారామీటర్‌గా ఇస్తుంది. ఆ చోటు సాధారణంగా థ్రెడ్ సొంత స్టాక్‌లో ఉంటుంది.
• స్టబ్ తిరిగి ఇచ్చేది ఫలితం చిరునామా కాదు, కాల్ స్థితిని తెలిపే విలువ.
• సర్వర్ ప్రొసీజర్ కూడా తనకు ఇచ్చిన చోటులోనే ఫలితం రాస్తుంది. జవాబు పంపిన తరువాత ఆ ఫలితానికి కేటాయించిన మెమరీని విడుదల చేయడానికి వేరే ఫంక్షన్ ఉంటుంది.

సర్వర్‌లో స్టాటిక్ ఎందుకు వాడారని మీకు సందేహం రావచ్చు. జవాబు పంపేది ప్రొసీజర్ ముగిసిన తరువాత. స్థానిక వేరియబుల్ చిరునామా అప్పటికి చెల్లదు. అందుకే ఒక థ్రెడ్ కాలంలో స్టాటిక్ సులభమైన పరిష్కారం అయింది.

కొత్త పద్ధతిలో ఒక జాగ్రత్త అవసరం. ఫలితం కోసం ఇచ్చే చోటును ముందుగా సున్నాలతో నింపాలి. ఎక్స్‌డీఆర్ డీకోడ్ చేసేటప్పుడు అక్షరమాల వంటి వాటికి పాయింటర్ శూన్యంగా ఉంటేనే కొత్త మెమరీ కేటాయిస్తుంది. శూన్యం కాకపోతే ఆ చిరునామాలోనే రాస్తుంది. చెత్త విలువ ఉన్న పాయింటర్ ఇస్తే ప్రోగ్రాం మెమరీ పాడవుతుంది. పాత స్టబ్ ఈ పనిని తనే చేసేది, ఇప్పుడు అది మీ పని.

14.4.2 థ్రెడ్‌కు సొంత నిల్వ

దోష వేరియబుల్ విషయంలో రూపాన్ని మార్చడం కష్టం. ఆ పేరును నేరుగా వాడే ప్రోగ్రాములు అప్పటికే ఎన్నో ఉన్నాయి. పేరు అలాగే ఉండాలి, కాని ప్రతి థ్రెడ్‌కూ వేరే విలువ కనిపించాలి.

ఇందుకు వాడిన ఉపాయం సులభమైనది. హెడర్ ఫైల్‌లో ఆ పేరును ఒక మాక్రోగా మార్చారు. ఆ మాక్రో ఒక ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ ప్రస్తుతం నడుస్తున్న థ్రెడ్‌కు చెందిన నిల్వ చిరునామాను ఇస్తుంది. మూల ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చకుండా మళ్లీ కంపైల్ చేస్తే చాలు. వ్యవస్థ కాల్స్ దోషాన్ని తెలిపే ఎర్‌నో అనే పేరుకు కూడా ఇదే ఉపాయం వాడారు. లైనక్స్‌లోని గ్నూ సి లైబ్రరీ తన ఆర్‌పీసీ విభాగంలో దోష వేరియబుల్‌తో పాటు సర్వర్ వాడే డిస్క్రిప్టర్ల సమితిని కూడా ఇలా థ్రెడ్ వారీగా విడదీసింది.

14.4.3 డిస్క్రిప్టర్‌కు ఒక లాక్

కనెక్షన్ నిజంగానే ఉమ్మడి వనరు. ఇక్కడ లాక్ తప్పదు. దేనికి లాక్ వేయాలన్నదే ప్రశ్న. హ్యాండిల్‌కు వేస్తే సరిపోతుందని మొదట అనిపిస్తుంది. కాని ఒకే సాకెట్ డిస్క్రిప్టర్‌పై ప్రోగ్రాం రెండు హ్యాండిల్స్ సృష్టించవచ్చు. అప్పుడు రెండు హ్యాండిల్స్‌కు రెండు లాక్‌లు, కింద ఉన్న కనెక్షన్ మాత్రం ఒక్కటే. ఒకే గదికి రెండు తలుపులుంటే ఒక తలుపుకు తాళం వేసి ప్రయోజనం లేదు.

రవాణాతో సంబంధం లేని ఆర్‌పీసీ, అంటే టీఐ-ఆర్‌పీసీ లైబ్రరీని నెట్‌బీఎస్‌డీ 2000లో, ఫ్రీబీఎస్‌డీ 2001లో తమ వ్యవస్థలలో చేర్చుకున్నాయి. అందులోని పద్ధతి ఇది:

• ప్రతి డిస్క్రిప్టర్‌కు ఒక గుర్తు, ఒక కండిషన్ వేరియబుల్ ఉంటాయి. గుర్తు 1 అయితే ఆ డిస్క్రిప్టర్‌పై కాల్ నడుస్తోందని అర్థం.
• ఈ గుర్తుల పట్టిక మొత్తాన్ని ఒక మ్యూటెక్స్ కాపాడుతుంది.

కాల్ చేయదలచిన థ్రెడ్ అనుసరించే క్రమం:

1. సిగ్నల్స్ అన్నింటినీ తాత్కాలికంగా ఆపు.
2. పట్టిక మ్యూటెక్స్‌ను తీసుకో.
3. ఈ డిస్క్రిప్టర్ గుర్తు 1గా ఉన్నంతవరకు దాని కండిషన్ వేరియబుల్‌పై వేచి ఉండు.
4. గుర్తును 1 చేయి. మ్యూటెక్స్‌ను విడిచిపెట్టు.
5. అభ్యర్థన పంపు. జవాబు తీసుకో.
6. మ్యూటెక్స్ తీసుకుని గుర్తును 0 చేసి, మ్యూటెక్స్‌ను విడిచిపెట్టు. సిగ్నల్స్‌ను యథాస్థితికి తెచ్చి, వేచి ఉన్నవారికి కబురు పంపు.

ఈ క్రమంలో రెండు విషయాలు గమనించండి. మొదటిది, మ్యూటెక్స్‌ను అతి కొద్దిసేపే పట్టుకుంటున్నాం. నెట్‌వర్క్ కోసం ఎదురుచూసేటప్పుడు పట్టుకుని ఉండేది గుర్తును మాత్రమే. కనుక వేరే డిస్క్రిప్టర్‌పై పనిచేసే థ్రెడ్‌లకు ఆటంకం లేదు. రెండోది, సిగ్నల్స్ ఎందుకు ఆపుతున్నాం? గుర్తు 1గా ఉన్నప్పుడు అదే థ్రెడ్‌లో సిగ్నల్ హ్యాండ్లర్ నడిచి, అది కూడా అదే డిస్క్రిప్టర్‌పై కాల్ చేసిందనుకోండి. ఆ థ్రెడ్ తన కోసం తానే శాశ్వతంగా ఎదురుచూస్తుంది.

థ్రెడ్‌లు వాడని ప్రోగ్రాములకు ఈ ఖర్చు ఎందుకు? నెట్‌బీఎస్‌డీలో థ్రెడ్ లైబ్రరీని జతచేయని ప్రోగ్రాంలో లాక్ ఫంక్షన్ల స్థానంలో ఏమీ చేయని ఖాళీ ఫంక్షన్లు ఉంటాయి. దానివల్ల ఒకే లైబ్రరీ రెండు రకాల ప్రోగ్రాములకూ సరిపోతుంది.

14.4.4 సర్వర్ వైపు జాబితాలు

సర్వర్‌లో నమోదైన సేవల జాబితా, తెరిచి ఉన్న రవాణాల పట్టిక వంటివి తరచుగా చదవబడతాయి, అరుదుగా మారతాయి. ఇటువంటి చోట మ్యూటెక్స్ కన్నా రీడ్-రైట్ లాక్ మేలు. చదివేవారు ఎంతమందైనా ఒకేసారి ప్రవేశించవచ్చు, మార్చేవారు మాత్రం ఒంటరిగా ఉండాలి. టీఐ-ఆర్‌పీసీలో సేవల జాబితాకు ఒక లాక్, డిస్క్రిప్టర్ల సమితికి, రవాణాల పట్టికకు కలిపి మరొక లాక్ ఉన్నాయి.

ఫ్రీబీఎస్‌డీ సర్వర్ ప్రధాన ఆవృత్తి ఈ లాక్‌ను వాడే తీరు చూడదగినది. చదివే లాక్ తీసుకుని డిస్క్రిప్టర్ల సమితికి నకలు తీసుకుంటుంది. వెంటనే లాక్ విడిచిపెడుతుంది. ఆ తరువాతే నకలుతో అభ్యర్థనల కోసం ఎదురుచూస్తుంది. లాక్ పట్టుకుని ఎదురుచూస్తే కొత్త కనెక్షన్‌ను పట్టికలో చేర్చవలసిన థ్రెడ్ ఆగిపోయేది.

అయితే జాబితాలు భద్రమైనంత మాత్రాన సర్వర్ అనేక అభ్యర్థనలను ఏకకాలంలో నడపగలదని అనుకోరాదు. సోలారిస్ సర్వర్‌లలో అందుకు ప్రత్యేక రీతులు ఉన్నాయి. ఏమీ చెప్పకపోతే సర్వర్ ఒకే థ్రెడ్‌తో నడుస్తుంది. స్వయంచాలక రీతిలో లైబ్రరీయే థ్రెడ్‌లను సృష్టిస్తుంది. మూడో రీతిలో ఆ పని ప్రోగ్రాం రాసేవారిది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

3. స్టాటిక్ ఫలితాన్ని స్టబ్ లోపలి లాక్‌తో ఎందుకు కాపాడలేం?
4. లాక్ హ్యాండిల్‌కు కాక డిస్క్రిప్టర్‌కు ఎందుకు ఉండాలి?

14.5 లాక్‌ల వల్ల వచ్చే కొత్త చిక్కులు

లాక్ పెట్టగానే పని పూర్తి కాదు. కొన్ని కొత్త సమస్యలు మొదలవుతాయి.

అ. వేగం తగ్గడం: పై క్రమంలో 5వ దశ మొత్తం, అంటే జవాబు వచ్చేవరకు, డిస్క్రిప్టర్ ఒకే థ్రెడ్ అధీనంలో ఉంటుంది. ఒక్కో కాల్‌కు 20 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. పది థ్రెడ్‌లు ఒకే హ్యాండిల్‌పై ఒకేసారి కాల్ చేస్తే చివరి థ్రెడ్‌కు జవాబు అందేది 200 మిల్లీసెకన్లకు. పది థ్రెడ్‌లున్నా పని ఒక థ్రెడ్ వేగంతోనే సాగుతుంది. ఈ లోపం లైబ్రరీ రాసినవారికి తెలియనిది కాదు. మూల ప్రోగ్రాంలోని వ్యాఖ్యలోనే ఇది తెలివైన పద్ధతి కాదని ఒప్పుకుని, ముందు సరిగా పనిచేయడం రుజువు కానిమ్మని, ఒక్కో అడుగూ వేద్దామని రాసుకున్నారు. మొదట సరైనతనం, తరువాత వేగం అన్నది మీరూ పాటించదగిన క్రమం.

ఆ. ఎదురుచూపు కూడబెట్టుకోవడం: స్టబ్‌లలో ఒక కాల్‌కు మామూలుగా ఉండే గడువు 25 సెకన్లు. సర్వర్ ఆగిపోయినప్పుడు ఒకే హ్యాండిల్‌పై వరుసలో ఉన్న మూడో థ్రెడ్‌కు తన వంతు రావడానికే దాదాపు 50 సెకన్లు పట్టవచ్చు. దాని సొంత గడువు ఆ తరువాత మొదలవుతుంది.

ఇ. తనకు తానే అడ్డుపడడం: ఎక్స్‌డీఆర్ మార్పిడి ఫంక్షన్లను ప్రోగ్రాం రాసేవారు సొంతంగా ఇవ్వవచ్చు. అవి డిస్క్రిప్టర్ గుర్తు 1గా ఉన్నప్పుడే నడుస్తాయి. అటువంటి ఫంక్షన్ లోపల అదే హ్యాండిల్‌పై మరో కాల్ చేస్తే డెడ్‌లాక్ తప్పదు.

ఈ. హ్యాండిల్ నాశనం: ఒక థ్రెడ్ హ్యాండిల్‌ను నాశనం చేయబోతే, నడుస్తున్న కాల్ ముగిసేవరకు లైబ్రరీ దానిని ఆపుతుంది. కాని అదే హ్యాండిల్ కోసం వరుసలో మరో థ్రెడ్ వేచి ఉంటే? అది మేల్కొనేసరికి హ్యాండిల్ మెమరీ విడుదలై ఉండవచ్చు. లైబ్రరీ లోపలి లాక్ ఎంత బాగున్నా, వస్తువు ఆయుష్షును అది నిర్ణయించలేదు.

ఉ. ఫోర్క్: లాక్ ఒక ప్రాసెస్ లోపలిది. ఫోర్క్ తరువాత తల్లి, పిల్ల ప్రాసెస్‌లు ఒకే సాకెట్‌ను పంచుకుంటాయి, లాక్‌లు మాత్రం ఎవరివి వారికే. పైగా తరువాతి ఎక్స్‌ఐడీ కూడా నకలు అవుతుంది కనుక ఇద్దరూ ఒకే సంఖ్యతో అభ్యర్థనలు పంపవచ్చు. అప్పుడు ఎక్స్‌ఐడీ తనిఖీ కూడా కాపాడదు.

14.6 ఒకే కనెక్షన్‌పై అనేక కాల్స్

14.5లోని మొదటి సమస్యకు పరిష్కారం ఎక్స్‌ఐడీలోనే ఉంది. టోకెన్ ఉన్నప్పుడు ఒకరి పని పూర్తయ్యేవరకు మరొకరు గుమ్మం బయట ఎందుకు నిలబడాలి? అందరూ అభ్యర్థనలు ఇచ్చి కూర్చోవచ్చు. జవాబు వచ్చినప్పుడు టోకెన్ సంఖ్య పిలిస్తే చాలు.

ఈ పద్ధతిలో లాక్‌ను రెండు చిన్న పనులకే పరిమితం చేస్తాం. సందేశం మొత్తాన్ని చీలకుండా సాకెట్‌లో రాయడం ఒకటి, ఎదురుచూస్తున్న అభ్యర్థనల జాబితాను మార్చడం రెండోది. ప్రతి థ్రెడ్ పంపడానికి ముందే తన ఎక్స్‌ఐడీని ఈ జాబితాలో నమోదు చేసి, పంపిన తరువాత నిద్రిస్తుంది. నమోదు ముందే ఎందుకంటే, జవాబు అతి వేగంగా వస్తే జాబితాలో దాని యజమాని కనిపించాలి. సాకెట్‌ను చదివే బాధ్యత ఒక్కరిదే. చదివినవారు జవాబులోని ఎక్స్‌ఐడీని జాబితాలో వెదికి సంబంధిత థ్రెడ్‌ను లేపుతారు. ఎన్ఎఫ్ఎస్ వంటి అవసరాల కోసం రాసిన ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ ఆర్‌పీసీ ఈ విధంగానే పనిచేస్తుంది. అక్కడ అనేక ప్రాసెస్‌ల ఫైల్ అభ్యర్థనలు ఒకే కనెక్షన్‌పై నడవాలి కనుక ఒక్కొక్కటిగా పంపే పద్ధతి సరిపడదు.

ఇందులోనూ గడువు దాటిన థ్రెడ్ తన నమోదును జాబితా నుంచి తొలగించుకోవాలి. లేకపోతే ఆలస్యంగా వచ్చిన జవాబు, అప్పటికే చెల్లని మెమరీలో రాయబడుతుంది.

14.7 ప్రోగ్రాం రాసేవారు పాటించవలసిన నియమాలు

లైనక్స్‌లో గ్నూ సి లైబ్రరీ తన సన్ ఆర్‌పీసీ విభాగాన్ని 2020 నాటి 2.32 వెర్షన్‌లో తొలగించింది. ఇప్పుడు ఆ పనిని లిబ్‌టీఐఆర్‌పీసీ అనే ప్రత్యేక లైబ్రరీ చేస్తోంది. ఏ వ్యవస్థలో పనిచేసినా కింది నియమాలు వర్తిస్తాయి.

1. స్టబ్‌లను ఎం ఐచ్ఛికంతోనే తయారుచేయండి. లైబ్రరీ భద్రమైనదైనా పాత రకం స్టబ్ భద్రమైనది కాదు. స్టబ్ మీ ప్రోగ్రాంలో భాగం, దానిని లైబ్రరీ లాక్ కాపాడదు.
2. వీలైతే ప్రతి థ్రెడ్‌కు వేరే డిస్క్రిప్టర్‌తో వేరే హ్యాండిల్ సృష్టించండి. వరుసలో నిలబడే అవసరం ఉండదు, చివరి దోషం కూడా కలిసిపోదు.
3. హ్యాండిల్‌ను పంచుకోక తప్పకపోతే, కాల్ ఇచ్చిన స్థితి విలువనే నమ్మండి. హ్యాండిల్‌లోని చివరి దోషాన్ని తరువాత అడిగితే అది మరొక థ్రెడ్‌ది కావచ్చు.
4. ఏ థ్రెడూ హ్యాండిల్‌ను వాడడం లేదని నిర్ధారించుకున్న తరువాతే దానిని నాశనం చేయండి.
5. ఫోర్క్ తరువాత పిల్ల ప్రాసెస్‌లో కొత్త హ్యాండిల్ సృష్టించండి.
6. ఫలితానికి ఇచ్చే చోటును సున్నాలతో నింపండి. పని పూర్తయ్యాక అందులో కేటాయించిన మెమరీని విడుదల చేయండి.

14.8 సారాంశం

సన్ ఆర్‌పీసీ లైబ్రరీ పోజిక్స్ థ్రెడ్‌ల ప్రమాణం కన్నా ముందు తయారైంది. అందువల్ల ఫలితం, దోషం, కనెక్షన్ అనే మూడింటినీ ప్రోగ్రాం మొత్తానికి ఉమ్మడిగా ఉంచింది. ఫలితం విషయంలో ఫంక్షన్ రూపాన్ని మార్చి పిలిచేవారి చోటును వాడారు. దోషం విషయంలో పేరు మార్చకుండా థ్రెడ్‌కు సొంత నిల్వ ఇచ్చారు. కనెక్షన్ విషయంలో డిస్క్రిప్టర్ లాక్ పెట్టారు. లాక్ వల్ల వేగం తగ్గడం, డెడ్‌లాక్, హ్యాండిల్ ఆయుష్షు వంటి సమస్యలు వస్తాయి. ఎక్స్‌ఐడీ ఆధారంగా జవాబులను పంచిపెట్టే పద్ధతి వేగాన్ని తిరిగి ఇస్తుంది. థ్రెడ్ భద్రత లేని ప్రోగ్రాం ఆగిపోకుండానే తప్పు జవాబు ఇవ్వగలదు. కనుక పరీక్షలలో పనిచేసిందన్న ఒక్క కారణంతో దానిని నమ్మరాదు.

14.9 ముఖ్య పదాలు

స్టబ్: దూరపు ప్రొసీజర్‌ను స్థానిక ఫంక్షన్‌లా కనిపించేటట్లు చేసే ఫంక్షన్.
ఎక్స్‌డీఆర్: వేర్వేరు కంప్యూటర్ల మధ్య సమాచారాన్ని పంపడానికి వాడే ఉమ్మడి రూపం.
ఎక్స్‌ఐడీ: అభ్యర్థననూ దాని జవాబునూ జతచేసే 32 బిట్ల సంఖ్య.
హ్యాండిల్: ఒక సర్వర్‌తో సంభాషణకు కావలసిన సమాచారం గల నిర్మాణం.
థ్రెడ్ సొంత నిల్వ: ఒకే పేరుతో పిలిచినా ప్రతి థ్రెడ్‌కూ వేరుగా ఉండే మెమరీ.
రీడ్-రైట్ లాక్: అనేకమంది చదవడానికి, ఒకరే మార్చడానికి అనుమతించే లాక్.

14.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – జవాబులు

1. రెండు థ్రెడ్‌ల కాల్స్ ఒక నిర్దిష్ట క్రమంలో కలిసినప్పుడే దోషం వస్తుంది. పరీక్షించేటప్పుడు వాడేవారు తక్కువ కనుక ఆ క్రమం అరుదు. వచ్చినా దోష సందేశం ఉండదు.
2. తనది కాని జవాబును చదివిన థ్రెడ్ దానిని పారవేస్తుంది, అసలు యజమానికి అందించదు.
3. స్టబ్ ముగియగానే లాక్ విడుదలవుతుంది. ఫలితాన్ని చదివేది ఆ తరువాత.
4. ఒకే డిస్క్రిప్టర్‌పై ఒకటి కన్నా ఎక్కువ హ్యాండిల్స్ ఉండవచ్చు. కాపాడవలసినది కింద ఉన్న కనెక్షన్‌ను.

14.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానం రాయండి.

1. ఒకే థ్రెడ్ కోసం రాసిన ఆర్‌పీసీ లైబ్రరీలో కనిపించే మూడు రకాల థ్రెడ్ దోషాలను ఉదాహరణలతో వివరించండి.
2. డిస్క్రిప్టర్ లాక్ పనిచేసే క్రమాన్ని రాసి, దాని పరిమితులను చర్చించండి.

ఆ. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానం రాయండి.

1. గ్లోబల్ దోష వేరియబుల్‌ను, దానిని వాడే ప్రోగ్రాములను మార్చకుండా, థ్రెడ్ భద్రంగా ఎలా మార్చారు?
2. డిస్క్రిప్టర్ లాక్ తీసుకునే ముందు సిగ్నల్స్‌ను ఎందుకు ఆపుతారు?
3. ఫీజు జమచేసే ప్రొసీజర్‌ను రెండు థ్రెడ్‌లు రక్షణ లేని ఒకే యూడీపీ హ్యాండిల్‌పై పిలిచాయి. జరగగల నష్టాన్ని దశలవారీగా రాసి, మీరు సూచించే పరిష్కారాన్ని తెలపండి.